కుడివైపు చివర

మాస్టారు పోయారన్న కబురు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, పాట్‌లక్‌కి ఎవరేం తేవాలో రాసుకున్న లిస్టు కింద వచ్చింది. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టాక సిగ్గేసింది.

ఆయన మా ఎదురింటి ఆంటీ తండ్రి. కడప వైపు ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై, ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో కూతురి దగ్గర ఉండేవారు. శనివారాలు క్లబ్‌హౌస్‌లో పిల్లలకు ప్రాచీన గ్రీసు కబుర్లు చెప్పేవారు. చదువైపోయి, ఎక్కడా కుదురుకోలేక తిరుగుతున్న నేను ఆయనకు తోడు. మార్కర్‌తో రాసినా, పాఠం అయ్యాక సుద్దపొడి రాలుస్తున్నట్టు చేతులు దులుపుకునేవారు.

పిల్లలకు ఎడమచేతికి తలా ఒక స్టీలు పళ్లెం ఇచ్చి, గ్రీకు సైనికుల్లా భుజం భుజం ఆనించి వరుసగా నిలబెట్టేవారు. "నీ డాలులో సగమే నీది. మిగతా సగం నీ ఎడమపక్కవాడిది. నువ్వు జరిగావో, వాడి పని అంతే." కుడివైపు చివర మాత్రం తానే నిలబడేవారు. "ఇక్కడివాణ్ణి కాయడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే పెద్దవాడు నిలబడాలి."

"తాతగారూ, హార్సెస్ ఉన్నవాళ్లే కదా బాస్‌లు?" అంది ఒక పిల్ల.

"మొదట్లో వాళ్లేనే తల్లీ. తర్వాత యుద్ధానికి రైతులు కావలసి వచ్చారు. డాలు పట్టి వరుసలో నిలబడ్డ రైతు, సభలో నోరు మూసుకుంటాడా? ఇది అందరూ ఒప్పుకోరనుకో, నేను నమ్ముతాను."

మొన్న వేసవిలో పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. "ఈ గ్రీకుల గోల ఎందుకండీ? ఆ టైములో కోడింగ్ పెట్టిద్దాం," అన్నారు ఒక అంకుల్. "మావాడు ఇంట్లో పళ్లాలన్నీ సొట్టలు పెట్టాడు," అన్నారు ఇంకొకరు. అందరూ నవ్వారు. కోడింగ్ అన్న ఆ అంకులే తన ఆఫీసులో నాకు ఇంటర్వ్యూ ఇప్పిస్తానన్నారు. క్లాసు ఆపేద్దామనేవాళ్లు చేతులెత్తమన్నారు. నేను మాస్టారికి కుడిపక్క కుర్చీలోనే ఉన్నాను.

చెయ్యెత్తాను.

ఆయన నావైపు తిరగలేదు. "సరే, ఓటు ఓటే," అని చేతులు దులుపుకున్నారు. బయటికొచ్చాక, "ఇంటర్వ్యూ ఎప్పుడమ్మా? బాగా చెయ్యి," అన్నారు. తిట్టినా బాగుండేది. ఉద్యోగం వచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎదురిల్లే అయినా నాలుగు నెలలు రోడ్డు దాటలేదు.

నిన్న ఆంటీని పలకరించడానికి వెళ్లాను. పెద్దవాళ్లంతా లోపల ఉన్నారు. గరాజ్ ముందు పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, పళ్లాలు తెచ్చుకుని వరుసగా నిలబడ్డారు.

"అక్కా, ఎండ్‌లో నువ్వు నిల్చో," అంది ఆ రోజు హార్సెస్ గురించి అడిగిన పిల్లే.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కుడివైపు చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, పళ్లాలు దించకుండా వాళ్లు అలాగే చూస్తున్నారు.