కొత్త నీళ్లు, కోడలి చెయ్యి

ఒక గోల్డ్‌ఫిష్ బరువెంత ఉంటుంది? అరచేతిలో పెడితే ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటివి గుప్పెడు చేపలు, ఏళ్ల కిందట, కొండపల్లిలో ఒకరింట్లో చచ్చిపోయాయి. ఆ బరువు ఇప్పటికీ దించుకోలేకపోతున్నాను. చేపలు చావడం నాకు కొత్త కాదు. మా అమ్మ బుట్టలో పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మినవన్నీ చచ్చినవే. నేను మోస్తున్నది వాటి మీద నేనన్న ఒక్క మాటని.

పేరు రాయను. భవానీపురంలో రంగు చేపల కొట్టు నాది. అంతవరకు చాలు. నవ్విస్తానని నాకు పేరుంది. చేపల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు నా మాటలు విని, చేపల సంగతి మర్చిపోయి వెళ్తారు. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టినవాడికి ఈ నోరొక్కటే చదువు. ఆ నోటితోనే ఒక ఆడకూతురి కొంప ముంచాను. ఇది రాస్తున్నప్పుడు కూడా మధ్యలో ఏదో ఒక జోకు వెయ్యబోతుంది చెయ్యి. మీరు పట్టించుకోకండి. నవ్వొస్తే మాత్రం నవ్వకండి, నాకు అలుసైపోతుంది.

ముందు నీళ్ల సంగతి చెప్పాలి. లేకపోతే నా తప్పేమిటో మీకు అందదు.

మా నాన్న కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. కొత్తగా తవ్విన చెరువుకి నీళ్లు పెట్టి, పేడా సున్నమూ వేసి, నీళ్లకి రంగు తిరిగేదాకా చేపపిల్లని వదలనిచ్చేవాడు కాదు. యజమాని తొందరపెడితే, ముందు మీరు దిగి ఓ పూట ఉండి చూడండి బాబూ అనేవాడు. గాజు ట్యాంకుకీ అదే పద్ధతి. చేప తిన్నది బయటికి వస్తుంది కదా, అది నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే క్రిములు, కంటికి కనిపించనివి, ఫిల్టరులో ఉండే స్పాంజిలో పుట్టి పెరగాలి. దానికి వారాలు పడుతుంది. అవి లేని కొత్త నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. ఆ అద్దంలోనే చేప ఊపిరాడక పోతుంది. ఈ మధ్య వీడియోల్లో కుర్రాళ్లు దీన్ని సైక్లింగ్ అంటున్నారు. వాళ్లు పుట్టకముందే నాకు తెలుసు. తెలియక చేసిన తప్పైతే ఇంత బాధ ఉండేదా? ఉండేది కాదేమో.

కొండపల్లి వాళ్లింట్లో పెద్దాయన థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యాడు. కొడుక్కీ అక్కడే ఉద్యోగం. కొత్త కోడలు కాపురానికి వస్తోంది, ఆ రోజుకి హాల్లో అక్వేరియం ఉండాలి, ఆ పిల్ల చేత్తోనే చేపలు వదిలించాలి అని అత్తగారు ముచ్చటపడింది. కబురు ముందురోజు వచ్చింది. నెల్లాళ్లు ఖాళీ నీళ్లు తిరగాలండీ అని చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? చుట్టాల ముందు ఖాళీ గాజుపెట్టె ఏమిటని పక్క కొట్టుకి పోతారు. అందుకని నోరు మూసుకున్నాను. నోరు తెరవాల్సిన చోట మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు. మూసుకోవాల్సిన చోట తెరిచింది ఆ తర్వాత.

పొద్దున ట్యాంకు నింపాను. మధ్యాహ్నం కొత్త కోడలు వచ్చింది. చేపలున్న నీళ్ల కవరు ఆమె చేతికిచ్చారు. అందరూ పప్పు వంపినట్టు వంపేస్తారు. ఆమె అలా చెయ్యలేదు. కవరుని కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, ముడి విప్పి, ఒక్కొక్కదాన్నీ అదే ఈదుకుంటూ బయటికి వచ్చేదాకా ఆగింది. ఇన్నేళ్లలో అంత ఓపిగ్గా చేప వదిలిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. వెళ్లాను. అన్నీ పైకి తేలి ఉన్నాయి. అత్తగారు ట్యాంకు పక్కనే నిలబడింది, కోడలు వంటింటి గుమ్మంలో.

“నీళ్లేమన్నా తేడా చేశాయంటావా అబ్బాయ్?” అంది పెద్దావిడ.

చూడండి, ఆవిడే నాకు దారిచ్చింది. అవునండీ అంటే అయిపోయేది.

“నీళ్లకేమండీ, కొబ్బరినీళ్లలా ఉన్నాయి. ముందు ఎవరు వదిలారు?”

“మా కోడలేగా. నువ్వూ ఇక్కడే ఉన్నావు.”

“అయితే అదండీ సంగతి. హస్తవాసి అమ్మగారూ. కోడలుగారి చెయ్యి చేపల పులుసుకి పనికొస్తుంది గానీ చేపలకి పనికిరాదు. ఈసారి మీరు వదలండి.”

అందరూ నవ్వారు. గుమ్మంలో ఆమె కూడా నవ్వింది. పెద్దావిడ మాత్రం నవ్వు మధ్యలో ఆగి, కోడలి చేతుల వంక చూసింది. నేను చూశాను ఆ చూపు. చూసి కూడా ఊరుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మళ్లీ చేపలు చస్తే ఈసారి నా మీదికి వస్తుందని భయం వేసింది. అందుకని పౌర్ణమి దాటేదాకా కొత్త చేపలు వద్దన్నాను. ఫిల్టరు ఆపకండి, నీళ్లు పారబోయకండి, గంగమ్మ తల్లికని రోజూ చిటికెడు మేత వెయ్యండి అన్నాను. గంగమ్మకి చేపల మేతెందుకు చెప్పండి? ఆ మేత కుళ్లి విషం పుడితేనే దాన్ని తినే క్రిములు పెరుగుతాయి. మా కొట్టు ట్యాంకులోంచి పాత స్పాంజి ముక్క కూడా, పాలకి తోడేసినట్టు, వాళ్ల ఫిల్టరులో పెట్టి వచ్చాను. మొదటిరోజు చెప్పాల్సిన పద్ధతంతా అప్పుడు చేయించాను, మొక్కు అని పేరు పెట్టి. పౌర్ణమి వెళ్లాక పెద్దావిడ తన చేత్తో చేపలు వదిలింది. ఒక్కటి కూడా చావలేదు.

ఇంకేం కావాలి? రుజువైపోయింది. నేను నవ్వులాటకి అన్న మాటకి నేనే సాక్ష్యం తయారుచేసి పెట్టాను.

తర్వాత నెలకోసారి ట్యాంకు కడగడానికి వెళ్లేవాణ్ణి. ఆవకాయ రోజుల్లో కోడలు ముక్కలు తుడిచేది, కలపడం మాత్రం ఆడపడుచు కలిపేది. పాలు ఆమే కాచేది, తోడు పెద్దావిడ వేసేది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క పరుషమైన మాట అనలేదు. నిజం. చాలా ప్రేమగా, నువ్వుండమ్మా, నేనేస్తాను అనేవాళ్లు. ఎవరైనా తిట్టుంటే ఆమె తిరగబడేదేమో. ప్రేమగా పక్కకి జరిపితే ఎవరి మీద తిరగబడుతుంది?

పాప పుట్టింది. అన్నప్రాశనకి నన్నూ పిలిచారు. మేనమామ పెట్టాడు, తాతలు పెట్టారు, అమ్మమ్మ, నాయనమ్మ, పక్కింటావిడ కూడా పెట్టింది. తల్లి వంతు వచ్చేసరికి గిన్నె లోపలికి వెళ్లిపోయింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. అలా నిలబడడం ఆమెకి అలవాటైపోయిందని అప్పుడు గమనించాను. ఆ పూట నేను రెండుసార్లు పెరుగు వేయించుకుని తిన్నాను. సిగ్గులేనివాణ్ణి.

చెప్పాలని చూడలేదా అంటే, చూశాను. ఒకసారి ట్యాంకు కడుగుతూ పెద్దావిడతో అన్నాను, అప్పుడు చేపల్ని చంపింది నేనేనండీ, నీళ్లు పాతబడకుండా వదిలించాను అని. ఆవిడ పడీ పడీ నవ్వింది. నీకెప్పుడూ వేళాకోళమే, కోడల్ని వెనకేసుకొస్తున్నావు అంది. నేనేం చేశానో తెలుసా? నేనూ నవ్వాను. హమ్మయ్య అనుకున్నాను కూడా. నిజం చెప్పినట్టూ అయింది, ఎవరూ నమ్మనట్టూ అయింది, ఇంతకన్నా సుఖమేముంది? ఆ సుఖం తల్చుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు కొట్టులో బోర్డు పెట్టాను, ట్యాంకు కొన్న రోజు చేపలు అమ్మబడవు అని. దాన్ని కూడా జోకే అనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. అరిచి చెబుతాను. వినరు. ముహూర్తం ఎప్పుడో చెప్పమంటారు. ఎవరి మీద కోప్పడను? వాళ్లకి ఇది నేర్పింది నాలాంటి నోళ్లే కదా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఆమె కొట్టుకి వచ్చింది. ఇబ్రహీంపట్నంలో వేరే పోర్షను తీసుకున్నారట. పాపకి అక్వేరియం కావాలట. మీరే వచ్చి చేపలు వదలండి, నా చెయ్యి సంగతి మీకు తెలిసిందేగా అంది, నవ్వుతూ. నెల్లాళ్లు ఖాళీగా తిప్పాలండీ అన్నాను. సరేనంది. ఎందుకని కూడా అడగలేదు. రోజూ చిటికెడు మేత వెయ్యాలి అన్నప్పుడు మాత్రం ఆగి అడిగింది. “అది నేను వెయ్యచ్చా, మావారి చేత వేయించనా?”

మీరే వెయ్యండి అన్నాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. పక్కన ఎవరూ లేరు. ఎందుకు చెప్పలేదు? నన్ను చూసి నవ్వే మనుషుల్లో ఒకరు తగ్గిపోతారనా? అంతేనా నా ప్రాణం?

నీళ్లు తయారయ్యాయి. వచ్చే ఆదివారం చేపలు తీసుకెళ్లాలి. కవరు ఆమె చేతికే ఇస్తాను. ఈసారి బతుకుతాయి, నాకు తెలుసు. కానీ ఏమీ చెప్పకుండా ఇస్తే, తన చెయ్యి మారింది అనుకుంటుంది ఆమె. అంటే ఇన్నాళ్లూ చెడ్డదే అని ఒప్పుకున్నట్టే కదా. చేపలు బతికితే నా అబద్ధం కూడా బతుకుతుంది. అందుకని ముడి విప్పకముందే చెప్పాలి. చెబితే కవరు నా మొహాన కొట్టొచ్చు. పాపకి పెట్టని ఆ మొదటి ముద్ద తెచ్చిమ్మని అడగొచ్చు. తేలేను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు, అడగను.

నా భయం ఒక్కటే. నోరు తెరవగానే అలవాటుగా ఏదో ఒక వెటకారం దొర్లుతుంది, ఆమె నవ్వేస్తుంది, మళ్లీ తప్పించుకుంటాను. అందుకే ముందు మీ దగ్గర రాసి చూసుకుంటున్నాను. చాలాసార్లు కొట్టేసి రాశాను. చివరికి ఇది మిగిలింది:

అమ్మా, ఆ రోజు చేపల్ని చంపింది మీ చెయ్యి కాదు. ఆ నీళ్లు చంపుతాయని నాకు ముందే తెలుసు.

మళ్లీ చదివాను. ఇందులో జోకు లేదు.