కింది రాడ్డు

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి వేసవిలో అనకాపల్లిలోని ఒక గృహోపకరణాల షాపులో నాకు డెమో మాస్టర్‌గా ఉద్యోగం ఇచ్చారు. అంతకుముందు నా సర్వీసంతా ఎలమంచిలిలో ఒక బేకరీ బట్టీ ముందే గడిచింది. బడి మధ్యలోనే మానేసి ట్రేలు కడగడానికి చేరాను. బేకరీలో హోదాలు ఇలా ఉంటాయి: ట్రేలు కడిగేవాడు, పిండి కలిపేవాడు, బట్టీ చూసేవాడు, అందరి మీదా మాస్టర్. లెక్కల మాస్టారి బెత్తానికి భయపడి పారిపోయినవాణ్ణి చివరికి ఊరంతా మాస్టారూ అనే పిలిచింది. ఆ సంగతి ఆయన చెవిన పడకపోవడం ఇద్దరికీ మంచిదయింది.

ఆ రోజుల్లో జనం ఫోన్‌లో చూసి ఇంట్లో కేకులు చేయడం మరిగారు. షాపులో కరెంటు ఓవెన్ కొన్నవాళ్ల ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాలి. మొదటిసారి బిస్కెట్లు, రెండోసారి కేక్, మూడోసారి రొట్టె. ఆ వరసకి కారణం ఉంది. బిస్కెట్ పాడైతే టీలో ముంచుకుని తినేస్తారు. కేక్ పాడైతే చుట్టాలకి తెలుస్తుంది. రొట్టె పాడైతే వీధికుక్క కూడా కాసేపు ఆలోచిస్తుంది.

నవ్వుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఒక రిటైర్డ్ గుమాస్తాగారు నేను వచ్చేదాకా ఆగలేక రొట్టె పిండిలో బెల్లం పాకం పొగలు కక్కుతుండగానే పోసేశారు. ఈస్ట్ ప్రాణమున్న సరుకు, గోరువెచ్చని వేడి దాటితే చచ్చిపోతుంది. తయారైన రొట్టెని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోండని సలహా ఇచ్చాను. ఆయన నిజంగానే పెట్టుకున్నారు. మాడుగులలో హల్వా చేసే కుటుంబంలో ఒకావిడ మొదటిసారే నాకంటే మంచి కేక్ తీసింది. నేర్పడానికి ఏమీ లేక టీ తాగి వచ్చేశాను.

నవ్వుకోలేని ఇల్లు ఒక్కటే, ఊళ్లో బెల్లం వ్యాపారం చేసే ఒక సావుకారుగారిది. ఓవెన్ ఆయన కోడలు శిరీష కోసం కొన్నారు. కొన్నారనడం కంటే, ఆమె అత్తగారు భర్తతో దెబ్బలాడి కొనిపించారనడం సరైనది. ఇంటి నుంచే పుట్టినరోజు కేకులకి ఆర్డర్లు తీసుకోవాలని శిరీష ఆశ. సావుకారుగారు అందుకో షరతు పెట్టారు. మనవరాలి మొదటి పుట్టినరోజుకి కోడలు చేసిన కేకే కోయాలి. వచ్చినవాళ్లు మెచ్చితే గేటుకి బోర్డు, మెచ్చకపోతే యంత్రం అటక మీదకి. గుడ్డు ఆ ఇంటి గుమ్మం తొక్కదు, అది నాకు అలవాటే. పంచదార కూడా వద్దన్నారు.

"మా ఇంట్లో పంచదార కేకు కోత్తే రేపు నా బెల్లం ఎవడు కొంటాడు మాస్టారూ?" అన్నారాయన. బెల్లంతోనే చేయిద్దామన్నాను.

మొదటి రోజు పద్ధతి ప్రకారం అడగవలసింది అడిగాను, దీంట్లో ఇంతకుముందు ఏమైనా చేశారా అని. ఏమీ లేదు, మీ కోసమే ఉంచామన్నారు అత్తాకోడళ్లు. తలుపు తెరిస్తే సన్నగా మాడిన పాల వాసన తగిలింది. "అమ్మా, ఈ ఓవెన్ షాపు నుంచి వచ్చిందా, మాడుగుల హల్వా కొట్టు నుంచి వచ్చిందా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వి పనిలో పడిపోయాను.

బిస్కెట్లు బాగానే వచ్చాయి. పైన రంగు దిట్టంగా తిరిగింది, అడుగు మాత్రం కాస్త తెల్లగా, మెత్తగా ఉంది. బెల్లం తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ మెత్తదనాన్ని బెల్లం ఖాతాలో వేశాను.

రెండోసారి కేక్. కాలిందో లేదో చూడటానికి మధ్యలో పుల్ల గుచ్చుతాం, పొడిగా పైకి వస్తే అయినట్టు. పైన నల్లగా మాడిపోయింది, పుల్లకి మాత్రం పచ్చిపిండి అంటుకుంది. ఇలాంటి ఓవెన్‌లో పైన, కింద కాలే రాడ్లు ఉంటాయి. పైవి కంటికి కనిపిస్తాయి, ఆ మోడల్‌లో కిందివి రేకు చాటున ఉంటాయి. పైవి ఎర్రగా వెలుగుతున్నాయి, దీపం వెలుగుతోంది, వస్తువు కొత్తది. నా అనుమానం పిండి మీదకి పోయింది. బెల్లం కరిగించి వడకట్టించాను. పెరుగు తగ్గించాను. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచమన్నాను. పైన మాడకుండా అల్యూమినియం కాగితం కప్పమన్నాను. నా వంతు కాని రోజుల్లో కూడా వెళ్లి చూశాను. శిరీష విసుక్కోకుండా చెప్పినవన్నీ చేసింది. పైభాగం బంగారంలా తయారైంది. అడుగు మాత్రం ఒకసారి ఉడికీ ఉడకని కుడుములా, ఒకసారి జిగురులా వచ్చేది. పుట్టినరోజుకి ముందు చేసినది మాత్రం పుల్లకి దాదాపు అంటలేదు. ఆ దాదాపుని నమ్ముకున్నాం.

ఆ రోజు నన్నూ పిలిచారు. కేక్ చూడ్డానికి ఎంతో బావుంది. పాప చేత్తో కత్తి పట్టించి కోశారు. మధ్యలోకి దిగిన కత్తి పిండితో బయటికి వచ్చింది.

"పైన కేకు, కింద పాయసం. రెండూ ఒకే గిన్నెలో ఎట్టీసింది పిల్ల" అన్నాడు శిరీషకి వరసకి బావ అయ్యే ఒకాయన.

ఇల్లంతా నవ్వింది. ఇంకో చోటయితే ఆ మాట నేనే అని ఉండేవాణ్ణి. శిరీష కూడా నవ్వుతూనే కేక్ లోపలికి తీసుకుపోయింది. సావుకారుగారు వెంటనే ఫోన్ చేసి బేకరీ కేక్ తెప్పించారు. ఆమె చెయ్యి వంటకి కుదిరినట్టు కేకుకి కుదరదని చుట్టాలు తేల్చేశారు. ఓవెన్ అటకెక్కింది. రొట్టె నేర్పే మూడో విజిట్ జరగనేలేదు.

వారంటీ గడువు ఇంకా ఉండగానే శిరీష అత్తగారు, ఆ ఇంటి పెద్దమ్మగారు, షాపుకి కబురు పెట్టారు. ఓవెన్ తీసుకుని మిక్సీ ఇమ్మని. మార్పిడికి ముందు వస్తువు పరీక్షించాలి కాబట్టి మెకానిక్‌తో నేనూ వెళ్లాను. అతను అడుగు రేకు విప్పాడు. కింది రాడ్డు నిలువునా చిట్లి ఉంది. దాని మీద మాడి ఎండిపోయిన మీగడ తెట్టు.

పెద్దమ్మగారు వంగి చూసి సంబరంగా చెప్పారు. "పాలు పొంగించేం కదా మాస్టారూ. కొత్త పొయ్యి ఇంట్లోకొత్తే పొంగించకుండా ఎలాగ? గిన్నె ఎట్టి తలుపేసేను. ఎంత బాగా పొంగిందనుకున్నారు, కిందంతా పారిపోయింది. తరవాత ట్రే తీసి సింతపండెట్టి తోమీసేను."

గృహప్రవేశంలో పాలు పొంగించడం అందరికీ తెలుసు. అది వంట కాదు, శుభం. అందుకే నేనడిగినప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు, అబద్ధమూ ఆడలేదు. కాలుతున్న రాడ్డు మీద పాలు పడి చిట్లిందని చెప్పడానికి మెకానిక్ నోరు తెరవబోయాడు. గుమ్మంలో నిలబడ్డ శిరీష అతని కంటే ముందే మాట్లాడింది.

"రాడ్డు మొదటినుంచే బాగోలేదంట అత్తా. కంపెనీ వోళ్లదే తప్పు."

"అదీ. లేపోతే అంత బాగా పొంగినాక కలిసి రాకపోడమేటి" అన్నారు పెద్దమ్మగారు.

గేటు దగ్గర శిరీషతో చెప్పాను, వేరే రాడ్డు వేయిస్తాను, మళ్లీ మొదలుపెడదామని.

"వద్దు మాస్టారూ. మళ్లీ చేత్తే కుదురుతాది, నాకు తెలుసు. కుదిరితే, మరప్పుడెందుకు కుదర్లేదని మావయ్య అడుగుతారు, పాల సంగతి బయటపడతాది. అత్త నా కోసం ఆయనతో దెబ్బలాడింది."

మిక్సీ ఇచ్చి ఓవెన్ తెచ్చేశాం. ఆ గేటుకి బోర్డు ఈనాటికీ లేదు. పుట్టినరోజులకి కేక్ బేకరీ నుంచే వస్తోంది.

ఆ ఉద్యోగం వదిలేదాకా ఏ ఇంట్లోనైనా నా మొదటి ప్రశ్న, పాలు పొంగించారా అనే. కొందరు గర్వంగా తల ఊపేవారు. రెండో పని, ఖాళీ ఓవెన్‌లో బ్రెడ్డు ముక్కలు వరసగా పరిచి కాల్చి, తిరగేసి చూడటం. తెల్లగా మిగిలిన చోట వేడి అందడం లేదన్నమాట. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఎలమంచిలిలో పొద్దున్నే బట్టీలో పిండి ముద్దలు వేసి చూసిన పరీక్షే. అట్టపెట్టెలోంచి వచ్చిన కొత్త వస్తువుకి అది అక్కర్లేదనుకున్నాను. ముందు పొయ్యిని పరీక్షించాలి, తరవాత పిండిని, ఆఖరున చేసే మనిషి చేతిని. ఆ ఇంట్లో ఈ వరస తిరగబడింది.