పిలుస్తారనుకున్నాం

బడికి కంప్యూటర్లు వస్తాయన్న సంవత్సరం మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చంద్రపూర్ బజార్లో మాది బట్టల కొట్టు. తల్లిదండ్రుల మీటింగుకు బయల్దేరుతుంటే గల్లా దగ్గరికొచ్చి నిలబడింది.

"బాపూ, గాడ బేరం జెయ్యకు. సంతకం వెట్టి రా, గంతే."

"బేరం జెయ్యంది నేను గాలి గుడ పీల్చ బిడ్డా," అన్నాను. ఆమె నవ్వలేదు.

మీటింగులో హెడ్‌మాస్టరు మరాఠీలో ఓపికగా చెప్పారు. ఎక్కువమంది కంప్యూటర్ ఫీజుకు ఒప్పుకుని సంతకం పెడితేనే యంత్రాలు ఇక్కడికొస్తాయి. లేకపోతే వేరే ఊరి బడికి పోతాయి. ఘుగ్గుస్ గనుల్లో పనిచేసే తండ్రులు వెంటనే సంతకాలు పెట్టారు. మా బజారు వాళ్లం అలా కాదు. చెప్పిన ధరకు తలూపినవాణ్ణి చూసి మా వీధి నవ్వుతుంది. అందరి తరఫునా నేనే లేచాను.

"ఫీజు జర తగ్గించుండ్రి సార్. టైపింగ్ గుడ నేర్పుండ్రి, కొసరు లెక్క."

"శేట్‌జీ, ఇది బడి," అన్నారాయన.

"గట్లయితే మేం పోతం."

బజారు వాళ్లంతా నా వెనకే లేచారు.

మా కొట్లలో కొనడానికొచ్చిన గిరాకీ లేచి బయల్దేరిందంటే బేరం కుదరబోతోందని అర్థం. గడప దాటకముందే వెనక్కి పిలుస్తాం. అందుకే ఆ రోజు కొత్త పెళ్లికూతుళ్లలా నడిచాం. గేటు దగ్గర చెప్పుల పట్టీలు విప్పి మళ్లీ పెట్టుకున్నాం. ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ బడి వరండా వైపే చూశాం.

"పిలుస్తడంటవా?" అన్నాడు పక్క కిరాణా కొట్టాయన.

"పిల్వక? ఇంతమంది గిరాకిని ఎవడన్న ఇడిసిపెడ్తడా!"

చాయ్ అయిపోయింది. వరండాలోకి ఎవరూ రాలేదు.

కొన్నాళ్లు చూసి నేనే వెళ్లాను. హెడ్‌మాస్టరు కుర్చీ వేయించారు. "మీరు లేచి వెళ్లారు కదా, ఇష్టం లేదనుకున్నాను. పైవాళ్లకు అదే రాశాను," అన్నారు నొచ్చుకుంటూ. యంత్రాలు అప్పటికే వేరే ఊరికి వెళ్లిపోయాయి. జీవితంలో మొదటిసారి అడిగినంతా ఇస్తానన్నాను. ఆయన దగ్గర సరుకు లేదు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను.

"పిల్వకపోతే మీరే మల్ల లోపలికి పోవద్దా బాపూ?" అంది మెల్లగా.

తిరిగొచ్చిన గిరాకీకి ఎవరూ ధర తగ్గించరు. బజార్లో పుట్టినవాడికి అది అమ్మ చెప్పక్కర్లేని మాట.

ఆ తర్వాత బడి మీటింగులకు అమ్మాయి వాళ్లమ్మనే తీసుకెళ్లేది. మీటింగు జరిగిందన్న సంగతి నాకు ఎప్పుడో, ఎవరో గిరాకీ చెబితే తెలిసేది.