చాచా చెప్పని పేరు

మంగళవారం మొదటి షిఫ్టు దిగి ఫోను చూస్తే మా మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం వచ్చి ఉంది. పక్కింటి చాచా కూతురు దవాఖాన నుంచి రాసింది: "అబ్బా పొద్దున పోయిండు. లిస్టుల ఉన్నోళ్లందరికీ చెప్పుమన్నడు." పోతూ పోతూ కూడా లిస్టునే తలుచుకున్నాడా మనిషి. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నాది అదే రోగం.

చాచా గనిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గుకు రంధ్రాలు వేసి మందు పెట్టి పేల్చే పని. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. గోదావరిఖనిలో పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని మా గల్లీ దాకా వచ్చాక రోజూ మధ్యాహ్నం పేలుడుకు ఇళ్లు అదిరేవి. ఆ వేళకు చాచా అల్మారాలోని గాజు గ్లాసులన్నీ దించి నేల మీద పెట్టి, పక్కన కాపలా కూర్చునేవాడు. ఇల్లు ఎంత అదిరిందో రాసిపెట్టే ఫోను ప్రోగ్రాం ఒకటి నేనూ, జ్యోతినగర్‌లో ఉండే మా బావా తయారు చేశాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడును చూసి మార్చుకోవచ్చు. దాన్ని వాడేవాళ్లలో, బాగుచేసేవాళ్లలో ఒకరు రాస్తే అందరికీ చేరేలా పెట్టుకున్నదే ఆ లిస్టు. కొత్తగా ఎవరు చేరినా మొదటి జవాబు చాచాదే: "మీ ఇల్లు ఎట్లున్నది?" ఎనిమిది వేళ్లతో టైపు చేసి, పంపే ముందు పైకి చదువుకునేవాడు.

మొదట లిస్టును ఒక విదేశీ కంపెనీ దగ్గర పెట్టాం. ముందుగా మోగాల్సిన సైరన్ లేకుండా పేల్చిన రోజుల గురించి జనం రాయసాగారు. ఎవరో ఫిర్యాదు చేస్తే కంపెనీ లిస్టును వారం రోజులు ఆపేసింది. ఇక ఎక్కడ పెట్టాలో తేల్చుకుందామని చాచా వరండాలో కూర్చున్నాం.

"ఇంట్ల పెడితే కరెంటు పోతది, మిషన్ పోతది. పెద్దోళ్ల దగ్గర ఉంటేనే నిమ్మలం" అన్నాడు బావ.

"ఆ పెద్దోళ్లే గదా బంద్ పెట్టింది. అడుగుదామంటే ఒక్క మనిషి దొరికిండా?" అన్నాను నేను.

"నీకు మొండితనం తప్ప ఏం తెల్వది."

బావ మాట పూర్తి కాకముందే నా చేతిలోని స్టీలు గ్లాసు విసిరాను. చాచా మధ్యలోకి వచ్చాడు. కనుబొమ్మ చీలి నెత్తురు చొక్కా మీదికి కారింది. బావ నా కాలర్ పట్టుకున్నాడు, నేను వాడి గొంతు పట్టుకున్నాను.

"ఇద్దరు కూసోండ్రి" అన్నాడు చాచా, తువ్వాలు అదుముకుంటూ. "పేల్చే డబ్బాకు ఒక పిడి ఉంటది. అది లేకుంటే ఆ డబ్బా ఉత్త రేకు. మందు దగ్గరికి పోయేటోడు ఆ పిడి తన జేబులనే పెట్టుకొని పోవాలె. నేను ఒక్క దినం జల్ది అయితదని నాతోని పనిచేసే జోడీవానికి ఇచ్చిన. తీగె ఊడిందేమోనని ఇంకొకన్ని తోలుకొని సూడవోయిన. జోడీవాడేమో మేం బయటికొచ్చినమనుకొని పిడి తిప్పిండు. నా వెంట వచ్చినోని తలకాయ నా ఒళ్లె పడ్డది." తువ్వాలు మడత మార్చి మళ్లీ అదుముకున్నాడు. "ఎవని ఇల్లు అదురుతదో తాళం వాని జేబుల ఉండాలె."

లిస్టు నడిపే కంప్యూటరు మిషన్ చాచా ఇంట్లో, దాని నకలు బావ దగ్గర అని తేలింది. దాని తాళం, అంటే పాస్‌వర్డు, మాత్రం చాచా నాకు ఇచ్చాడు.

"కొట్టినోనికి ఇస్తున్నవా చాచా?"

"నీకే ఇస్త. గప్పుడన్న చెయ్యి అదుపుల పెట్టుకుంటవు."

నా మీద అంత నమ్మకం మా నాయన కూడా పెట్టలేదు.

రెండు నెలలకు ఒక పేలుళ్ల కాంట్రాక్టరు మనుషులు నలుగురు చాచా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం. చాచా కూతురు స్కూల్లో పాఠం చెబుతోంది. పక్కన మా ఇంట్లో నేను రెండో షిఫ్టుకు బయల్దేరబోతున్నాను. సైరన్ లేని రోజుల ఉత్తరాలు తీసెయ్యమన్నారు.

"తాళం నా దగ్గర లేదు" అన్నాడు చాచా.

"ఎవని దగ్గరున్నది?"

చాచా చెప్పలేదు. రాడ్డుతో కొట్టారు. మళ్లీ అడిగారు, మళ్లీ కొట్టారు. పక్కటెముక విరిగినప్పుడు ఆయన అరిచిన అరుపు గోడ ఇవతల నాకు వినబడింది. నా చెయ్యి తలుపు గడియ మీద ఉంది. తీయలేదు. చివరికి మిషన్ పగలగొట్టి పోయారు. పిరికివాణ్ణి అనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

బావ దగ్గరి నకలుతో రెండు రోజుల్లో లిస్టు అదే ఇంట్లో మళ్లీ నడిచింది. చాచా మాత్రం మంచం మీంచి లేవలేదు. అప్పటికే దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. దవాఖానలో నన్ను ఒకటే అడిగాడు: "తాళం భద్రమేనా?" ఆ వేళ నేనెక్కడున్నానో అడగలేదు. కూతురితో మాత్రం "పక్కింటోడు డ్యూటీల ఉండె" అని చెప్పాడు. ఆమె ముందు నా పరువు నిలబెట్టడానికి ఆడిన అబద్ధం అది.

చాచాను ఖననం చేసి ఖబ్రస్తాన్ నుంచి వచ్చిన సాయంత్రం ఆమె నాతో అంది: "అన్నా, ఆ దినం నువ్వు ఇంట్ల ఉంటే అబ్బాను కొట్టనిస్తుంటివా?" నేను తల వంచుకుని వచ్చేశాను.

మరునాడు లిస్టులో ఎవరో అడిగారు, చాచా లేడు గనక ఇక లిస్టు ఎక్కడ పెడదామని. ఆమె వెంటనే జవాబు రాసింది: "మా ఇంట్లనే ఉంటది. తాళం అన్న దగ్గర ఉన్నది, ఫికర్ లేదు."

అది చదివాక నేను రాశాను: "ఆ రోజు నేను డ్యూటీలో లేను. తాళం నా దగ్గరే ఉంది. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. చాచా నా పేరు చెప్పలేదు. ఇక తాళం ఎవరి దగ్గర ఉండాలో మీరే చెప్పండి."

పంపాను. గోడ అవతల ఆమె ఫోను మోగింది. తర్వాత వాళ్ల తలుపు గడియ తీసిన చప్పుడు వినబడింది. నేను లేచి మా తలుపు తీశాను.