గుమ్మడికాయ పట్టిన చేతులు

నా బిడ్డకు అప్పుడు రెండేళ్లు. దాన్ని ఒళ్లో పెట్టుకుని గజ్వేల్‌లో సిద్దిపేట బస్సెక్కాను. దారిలో డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేశాడు. పైన పెట్టిన నా గుమ్మడికాయ జారి బిడ్డ తల మీదికే వచ్చింది. పక్క సీటు ముసలాయన రెండు చేతులు చాపి కాయను గాల్లోనే పట్టేశాడు.

"గీ వయసుల గట్లెట్ల పట్టినవ్ భాయ్?" అన్నాను, బిడ్డను దగ్గరికి లాక్కుంటూ.

"ఒకప్పుడు పట్నం ఫుట్‌బాల్ లీగ్‌ల గోల్‌కీపర్‌ను చెల్లె."

"లీగంటే ఏంది?"

"మెట్ల లెక్క ఉంటది, పైన ఒక డివిజన్, కింద ఒక డివిజన్. పై డివిజన్‌ల ఆఖరుకు నిలిచిన టీం కిందికి దిగాలె. దిగితే ఆ టీంను నడిపే కంపెనీ దాన్ని మూసేస్తది. ఆడేటోళ్లకు కంపెనీ ఇచ్చిన నౌకరీలు పోతయ్."

గుమ్మడికాయను నా కాళ్ల దగ్గర పెడుతూ మళ్లీ అన్నాడు. "ఓపారి ఆఖరి మ్యాచ్ నా దోస్తు టీంతోని వడ్డది. మాకు ఓడినా ఒకటే. వాళ్లు గెల్వకుంటే దిగుడే. గసోంటప్పుడు దోస్తులకు ఒక గోల్ వదులుడు మా ఆటల రివాజు. నేను గూడ వదుల్తనన్న. ఆఖరి నిమిషంల వాడే కొట్టిండు. నా చేతులు ఆగలే. పట్టేసిన."

"తర్వాత?"

"వాని నౌకరీ పోయింది. సిద్దిపేటల రిక్షా తొక్కిండు. నాతోని మళ్ల మాట్లాడలే. మొన్న సచ్చిపోయిండు. వాని పెండ్లాం కాడికే పోతున్న."

సిద్దిపేటలో దిగేటప్పుడు ఆయన చేతులు రెండూ లాల్చీ జేబుల్లో దాచుకున్నాడు. ఆ చేతులే నా బిడ్డను కాపాడాయని చెబుదామనుకున్నాను. చెప్పేలోపే జనంలో కలిసిపోయాడు.

బిడ్డ తల దువ్విన ప్రతిసారీ ఆ మాట నోటిదాకా వచ్చేది.