మా ఇంటి డీజిల్ పంచాయితీ

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఎవరైనా కారు కొంటే ఎదురు ఫ్లాటువాళ్లకు కూడా పదిరోజుల తర్వాత, అదీ పార్కింగు దగ్గర గొడవైతేనే తెలుస్తుంది. ఆ రోజుల్లో అలా కాదు. తొంభైల చివర్లో, సూరత్‌లోని డిండోలిలో, మా తెలుగువాళ్ల గల్లీలో ఒక మనిషి కారు కొందామా అని మనసులో అనుకుంటే చాలు, సాయంత్రానికి ఇరవై మంది వచ్చి ఏ రంగు బాగుంటుందో చెప్పి పోయేవారు. అందులో కారు ఎక్కినవాళ్లు ముగ్గురుంటారేమో. ఆ ముగ్గురిలో ఇద్దరు పెళ్లికొడుకులుగా ఎక్కినవాళ్లే. అలాంటి గల్లీలో మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, కారు కొనాలని తీర్మానించాడు. ఆ తీర్మానానికి సలహాదారు నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కరీంనగర్ వైపు మా ఊళ్లో డిప్లొమా రెండో ఏట ఆగిపోయి, ముఖం చూపించలేక పెద్దబాపు దగ్గరికి వచ్చి పడ్డాను. అయినా గల్లీ అంతా నన్ను ‘ఇంజనీరు’ అనే పిలిచేది. (మొదట్లో వెక్కిరింపుగానే పిలిచారు. నేను ప్రతిసారీ పలకడంతో అదే నా పేరయింది.)

కారు ఆలోచన ఎలా పుట్టిందో చెప్పాలి. పెద్దబాపుకు ఉధనా దగ్గర ఒక అద్దె షెడ్డులో ఎనిమిది సాంచాలు ఉండేవి, అంటే కరెంటు మగ్గాలు. పెద్దమ్మ అక్కడే నూలు కండెలు చుట్టించే పని చూసుకునేది. ఇద్దరూ రోజూ పాత స్కూటరు మీద పోయి వచ్చేవారు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికినవాళ్లు కాబట్టి ఇద్దరికీ చెవులు అంతంత మాత్రమే. మా ఇంట్లో ‘ఉప్పు అందుకో’ అన్నా పక్కింటివాళ్లు గొడవ ఆపడానికి వచ్చేవారు. ఒక వానాకాలం పొద్దున రైలు గేటు దగ్గర గుంతలో స్కూటరు ఎగిరి దూకింది. వెనక కూర్చున్న పెద్దమ్మ బురదలో పడిపోయింది. పెద్దబాపుకు తెలియలేదు. రెండు కొత్త సాంచాలు కొందామని చెబుతూ చెబుతూ షెడ్డు దాకా పోయాడు. వెనక నుంచి జవాబు రాకపోతే ఒప్పుకుందనుకున్నాడట. దిగి చూస్తే సీటు ఖాళీ. కాసేపటికి పెద్దమ్మ రిక్షాలో వచ్చింది, ఒక చెప్పు చేతిలో పట్టుకుని. భుజానికి పట్టీ కట్టించుకుని మర్నాడు పొద్దున్నే తయారై గడపలో నిలబడి, “నేనైతే ఇగ స్కూటర్ ఎక్క. నువ్వు పోయి రా,” అంది. అంతే. పెద్దబాపు ఆ రోజు ఒక్కడే పోయాడు. సాయంత్రం వచ్చి నన్ను పిలిచి, “ఇంజనీరూ, చిన్న కారుకు ఎంతైతదో జర కనుక్కో,” అన్నాడు. రెండు సాంచాల కోసం కూడబెట్టింది అందులోకే పోతుందని ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కారు చిన్నదే అన్న విషయంలో తగాదా లేదు, మా గల్లీలో పెద్దది తిరగదు. తగాదా అంతా డీజిలా, పెట్రోలా అన్న దగ్గరే వచ్చింది. చిన్న కార్లలో డీజిల్ ఇంజను అప్పుడప్పుడే వస్తోంది. పెద్దబాపు మొదటి రోజే డీజిల్ పక్షం చేరాడు. “లీటరుకు సగం ధర. గంతకంటె ఇంకేం గావాలె?” అన్నాడు. నేను పెట్రోల్ పక్షం. కారణాలు చాలా చెప్పాను. డీజిల్ కారు ధర ఎక్కువ, సర్వీసు ఖర్చు ఎక్కువ, పొగ ఎక్కువ, చప్పుడు ఎక్కువ అన్నాను. “చప్పుడా? ఏం చప్పుడు?” అన్నాడు పెద్దబాపు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నా అసలు కారణం మాత్రం బయటికి చెప్పలేదు. ఆల్థాన్ వైపు కొత్తగా వేసిన వెడల్పు రోడ్డు మీద అద్దాలు ఎత్తి, క్యాసెట్ పెట్టి, ఒక మోచేయి కిటికీ మీద ఆనించి (అద్దాలు ఎత్తితే మోచేయి ఎక్కడ ఆనుతుందో అప్పుడు తట్టలేదు) నెమ్మదిగా పోతున్న నన్ను నేను అప్పటికే చాలాసార్లు చూసుకున్నాను. ఆ బొమ్మలో సాంచా చప్పుడు చేసే కారుకు చోటు లేదు.

చివరికి ఇద్దరం కలిసి ఉధనాలో స్కూటరు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి పోయాం. ఆయన చేతులు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న అడిగాడు: “రోజ్ కిత్నా చలేగీ?” రోజుకు యాభై కిలోమీటర్లు తిరిగితే డీజిల్ తీసుకోండి, లేకపోతే పెట్టిన ఎక్కువ ధర ఎన్నేళ్లకూ తిరిగి రాదు, పెట్రోలే మేలు అన్నాడు. పెద్దబాపు నా వైపు తిరిగి, “రోజుకు మనం ఎంత తిరుగుతున్నం?” అన్నాడు. ఎవరికి తెలుసు? స్కూటరు మీటరు నేను సూరత్ రాకముందే ఒక అంకె దగ్గర ఆగి విశ్రాంతి తీసుకుంటోంది. కొలిచే పని నాకు అప్పజెప్పాడు.

నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. షెడ్డులో బట్ట కొలిచే మీటరు బద్దతో నా సైకిల్ చక్రం చుట్టుకొలత తీశాను. చక్రంలో ఒక పుల్లకు ఎర్రగుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు పైకి వస్తుందో లెక్కపెడుతూ తొక్కాను. ఇంటి నుంచి రైలు గేటు దాకా లెక్క నిక్కచ్చిగా నడిచింది. గేటు పడింది. అక్కడ ఒక స్నేహితుడు కనిపించి, ఏంరా సైకిల్‌తో మాట్లాడుకుంటున్నవ్ అన్నాడు. జవాబు చెప్పేలోగా లెక్క ఎగిరిపోయింది. ఇద్దరం చాయ్ తాగాం. ఇంటికి వచ్చి కాగితం మీద నాకు నచ్చిన అంకె రాశాను. రోజుకు ముప్పై ఒకటి. (ముప్పై అని రాస్తే నమ్మరని ఒకటి కలిపాను. ఆ ఒక్క విషయంలో నిజంగా ఇంజనీరునే.)

పెద్దబాపు కాగితం చూసి నీరుగారిపోయాడు. “అయితే పెట్రోలేనా?” అన్నాడు. అప్పటిదాకా వంటింట్లో రొట్టెలు చేస్తున్న పెద్దమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఈ పంచాయితీ మొదలైన మూడు నెలల్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదని అప్పుడే నాకు తట్టింది.

“ఎంత రాసినవ్ బిడ్డా?”

“ముప్పై ఒకటి, పెద్దమ్మా.”

“గింతేనా? నా నడుము గట్ల చెప్తలేదు. మార్కెట్‌కు పొయ్యేది రాసినవా?”

“రోజూ పోడు గదా.”

“పోతడు. నువ్వు లేవకముందే పోతడు. నూలు సేఠ్ దగ్గరికి రాసినవా? కరెంటు పోతె ఇంటికొచ్చి, మల్ల కరెంటొచ్చినంక పొయ్యేది? నవాగామ్‌ల మనోళ్ల ఇండ్లకు పొద్దుమూకి పొయ్యేది?”

ఒక్కొక్కటి చెబుతూ పిండి అంటిన వేలు ముడుచుకుంటూ పోయింది. నేను కాగితం మీద కలుపుతూ పోయాను. యాభై దాటింది, అరవై దగ్గరపడింది. పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. పెద్దమ్మ నన్ను చూసి, “నీకు లెక్క రాదని కాదు బిడ్డా. నీ లెక్క యాడికో ఆల్థాన్ దిక్కు పోతున్నది,” అంది. ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ తెలియదు. రొట్టె మాడిన వాసన వచ్చి లోపలికి పోయింది గానీ, లేకపోతే ఇంకేం చెప్పేదో.

ఆదివారం పొద్దున షోరూము నుంచి ఒక గుజరాతీ కుర్రాడు డీజిల్ కారు తెచ్చి మా గల్లీ మొదట్లో నిలిపాడు. గల్లీ మొత్తం వచ్చింది. కుర్రాడు తాళం చెవి ఎవరికివ్వాలి అన్నట్టు చూశాడు. నేను ముందుకు వచ్చాను. నాకు లైసెన్సు ఉంది. అది ఏజెంటు ఇప్పించిన లైసెన్సు అనీ, పరీక్ష రోజున నేను నడిపింది పది గజాలేననీ ఎవరికీ తెలియదు. దర్జాగా కూర్చున్నాను. పెద్దబాపు పక్కన, పెద్దమ్మా కుర్రాడూ వెనక ఎక్కారు. తాళం తిప్పాను. కారు దగ్గింది, స్టార్టు కాలేదు. మళ్లీ తిప్పాను, మళ్లీ దగ్గింది. చలికాలం. జనం దగ్గరికి జరిగారు. స్టీరింగు వెనక వెలుగుతున్న దీపాన్నే చూస్తున్న పెద్దమ్మ వెనక సీటులోంచి ముందుకు వంగి, “గా పసుప్పచ్చ బత్తి ఆరనియ్యి బిడ్డా. ఆరినంక తిప్పు,” అంది. షోరూము కుర్రాడు ఆశ్చర్యంగా చూసి, “సహీ బోల్ రహీ హై బెన్,” అన్నాడు, అక్క సరిగ్గానే చెప్పింది అని. డీజిల్ ఇంజను వేడెక్కేదాకా ఆ దీపం వెలుగుతుందట. బత్తి ఆరింది. తిప్పాను. ఇంజను అందుకుంది. పెద్దమ్మ చెవి సీటుకు ఆనించి కాసేపు విని, “తాళం తప్పుతలేదు. మంచిగున్నది,” అంది. మాట సరిగా వినపడకపోయినా, సాంచా ఆగకముందే దాని రోగం చప్పుడులో పట్టే మనిషి ఆమె.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. గల్లీ దాటగానే చిన్న ఎత్తు ఉంది. దాని మీద కారు ఆగింది. క్లచ్ వదిలితే గంతేసి ఆగిపోయింది. ఇంకోసారి వెనక్కి జారింది. వెనక ఒక చెరకు రసం బండి, దాని యజమాని బండిని తోసుకుంటూ పరుగు, గల్లీవాళ్లు కారుకు అడ్డం పడి తోయడం. మూడోసారి ఆగాక పెద్దబాపు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. నడిపేవాడు లేని కారు కోసం రెండు సాంచాలు వదులుకోబోతున్నానని లోపల లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది. అప్పుడు పెద్దమ్మ అంది, “నువ్వు దిగు బిడ్డా. నేను జూస్త.”

పెద్దబాపు ఉలిక్కిపడి, “ఏమే, నువ్వేం జూస్తవ్?” అన్నాడు.

“ఎనిమిది సాంచాలు ఆపుడు, నడుపుడు వచ్చినదాన్ని. ఇది ఒక్కటే గదా.”

కుర్రాడు కారును బస్తీ వెనక ఖాళీ జాగాలోకి తీసుకుపోయి ఆమెను కూర్చోబెట్టాడు. “క్లచ్ ధీరేసే ఛోడో బెన్, గాడీ అప్నే ఆప్ చలేగీ,” అన్నాడు. క్లచ్ మెల్లగా వదిలితే దానంతటదే కదిలే గుణం డీజిల్ కారుకు ఉందని నాకప్పుడే తెలిసింది. పెద్దమ్మ కొంగు నడుముకు దోపి, తెగబోతున్న నూలుపోగును సర్దినంత మెల్లగా కాలు ఎత్తింది. కారు గంతు వేయలేదు. మంచి గేదెలా కదిలింది. ఇటుకల కుప్ప దాకా పోయి ఆగింది, ఆమే ఆపింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నోరు మూసుకున్నారు, మా గల్లీలో అది అంతకంటే పెద్ద విషయం. పెద్దబాపు గొంతు సవరించుకుని, “గిదే తీస్కుందాం,” అన్నాడు.

మూడు నెలల్లో పెద్దమ్మ నేర్చుకుంది, ఏజెంటు లేకుండా లైసెన్సు తెచ్చుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు రోజూ ఆమె నడిపేది, పక్కన పెద్దబాపు చేత్తో సైగలు చేసేవాడు, వెనక కండెల బస్తాల మధ్య నేను ఉండేవాణ్ణి. నవాగామ్ చౌరస్తాలో నా స్నేహితులు నిలబడే చాయ్ బండి వచ్చేసరికి నేను వంగి చెప్పు సర్దుకునేవాణ్ణి. ఒక ఆడమనిషి నడుపుతుంటే బస్తాల మధ్య కూర్చుని పోతున్నానని వాళ్లు చూడకూడదు. నాలుగేళ్లలో ఎన్నిసార్లు చెప్పు సర్దుకున్నానో లెక్కలేదు. పెద్దమ్మ అద్దంలో చూసేది. చౌరస్తా దగ్గర కొంచెం నెమ్మది చేసేది.

ఇప్పుడు నాకు చప్పుడు లేని కారు ఉంది. మొన్న ఎందుకో చెప్పు సర్దుకునే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. ఆ సూరత్ ఎండలో, బస్తాల వాసనలో, రెండు మోకాళ్ల మధ్య తల దాచుకుని కూర్చున్న ఇరవై రెండేళ్ల ఇంజనీరు. పక్కన కూర్చునే వీలుంటే వాడి వీపు మీద మెల్లగా చరిచి, తల ఎత్తరా, వాళ్లను చూడనీ అని చెప్పేవాణ్ణి. వాడు వినడు. చెప్పు ఇంకోసారి సర్దుకుంటాడు.