యాడుండావయ్యా

పాట మొదలైతే చాలు, సువార్తమ్మ కళ్లు మూసుకుని, కలుపు తీసి కాయలు కాసిన అరచేత్తో తొడ మీద దరువు వేస్తుంది. వయసులో ఉండగా ఆమె సొంతంగా కట్టి పాడిన రెండు క్యాసెట్లు ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా క్రైస్తవుల ఇళ్లలో మోగాయి. వినడానికి టేప్‌రికార్డర్ లేకపోయినా ఇప్పటికీ వాటిని చీర మడతల్లోంచి తీసి కొంగుతో తుడుస్తుంటుంది. జమ్మలమడుగు చర్చి కుర్రాళ్లు వాటిలోని ఒక పాటను కొత్త ఆల్బమ్‌లో పాడి, ఆమె పేరు వేయకపోయినా ఊరుకుంది. మొన్న ఆదివారం చర్చిలో అదే పాటను వాళ్లు కీబోర్డుతో అందుకుని ‘ఎక్కడున్నావయ్యా’ అనగానే ఆమె దరువు ఆగిపోయింది. విసురుగా లేచింది.

“ఆపండప్పా! ‘యాడుండావయ్యా’ అని గదా నేను కట్టింది? ఎవురు మార్చినారు?”

“నేనే అత్తా,” అన్నాడు పాటల బృందం నడిపే సంతోష్. “మన యాస వింటే యూట్యూబ్‌లో నగుతారు. దేవుని పాట పద్ధతిగా ఉండాల గదా.”

“దేవుని పాట అయింది తర్వాతప్పా! పెన్నలో కొట్టుకపోయిన మా ఆయన కోసం గట్టెంబడి అరుసుకుంటా తిరిగిన మాట అది. ఆ పొద్దు నా యాసకు ఎవురూ నగల్యా.”

సంతోష్ తల వంచుకున్నాడు. సువార్తమ్మ కూర్చోలేదు. ఈసారి కళ్లు మూసుకోకుండా, అతన్నే చూస్తూ, తొడ మీద దరువు వేసి ‘యాడుండావయ్యా’ అని మొదటి నుంచి అందుకుంది.